అవధాని మెదడు

తెలుగువారు మిక్కిలి మక్కువతో పెంచి పోషించిన విద్యలలో అవధానము ఒకటి. సభామధ్యమున అవధాని కూర్చుండును. ఆయన చుట్టును ఎనమండుగురు పృచ్ఛకులు కూర్చుందురు. ఒకరు అర్థము పొసగని పద్యపాదము నిచ్చి, ఆ సమస్యను పూరింపుమందురు. మఱియొకరు ఒకదానితో నొకటి సంబంధము లేని నాలుగు పదములిచ్చి, ఆ నాలుగును వచ్చునట్లు పద్యము చెప్పుమందురు. నిషిద్ధాక్షరి నడపువారు అవధాని పలుకబోవు అక్షరము నూహించి, అది కూడదని అడ్డు తగులుచుందురు. నడుమ నడుమ ఒకరు గంట కొట్టుచుందురు. ఆ మ్రోతలెన్నియో చివర చెప్పవలెను. ఇవి చాలవన్నట్లు, అప్రస్తుత ప్రసంగము చేయువారు వంకరప్రశ్నలు వేసి, నవ్వించి, అవధాని మనస్సును చెదరగొట్ట జూతురు. పద్యము ఒక్కుమ్మడి చెప్పుట గూడ కాదు. ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదము చొప్పున నాలుగు ఆవృత్తులలో ముగించి, తుదకు పద్యములన్నింటిని తడబడక అప్పజెప్పవలెను. దీనినే ధారణ యందురు.

ఈ విద్యను ఊరూర వెలయించినవారు తిరుపతి వేంకట కవులు. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1920లో కాలధర్మము నొందిరి. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు 1950 వఱకు జీవించిరి. బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసిరి. విశ్వనాథ సత్యనారాయణగారు అచట వారి శిష్యులే. వీరు అష్టావధానములతో తృప్తి నొందక, నూరుగురు పృచ్ఛకులతో శతావధానములను గూడ జరిపిరి. చూచినవారు ఇది సరస్వతీ కటాక్షమనిరి. అనిన అననిండు. ఆ కటాక్షము కపాలములోపల ఏ దారిని నడచునో తెలిసికొనుట మన పని.

మెదడు బరువు సుమారు 1,400 గ్రాములు. అనగా శరీరపు బరువులో నూటికి రెండు పాళ్ళు మాత్రమే. కాని కదలక కూర్చున్నవాని శరీరము ఖర్చుపెట్టు శక్తిలో నూటికి ఇరువది పాళ్ళు దానికే కావలెను. అందులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. ఒక్కొక్క కణమునుండి చెట్టుకొమ్మలవంటి పోగులు బయలుదేరి ఇతర కణములను చేరును. రెండు కణములు కలిసికొనుచోట సన్నని ఎడము ఉండును. దానిని నాడీసంధి యందురు. విద్యుత్తు రూపమున వచ్చిన వార్త అచట రసాయన ద్రవ్యమై ఆ ఎడమును దాటి, ఆవలి కణమున మరల విద్యుత్తగును. ఈ కణములు దేనికది వేఱువేఱుగా నున్నవని స్థాపించిన స్పెయిను దేశీయుడు రామోన్ కహాల్‌కు 1906లో నోబెల్ బహుమానము లభించినది.

మెదడున ఒక్కొక్క పనికి ఒక్కొక్క తావు ముఖ్యమైయున్నది. 1861లో పారిస్ నగరమున బ్రోకా అను వైద్యుడు, ఒక్క మాట తప్ప మఱేమియు పలుకలేని రోగి యొకడు చనిపోగా, వాని మెదడును పరీక్షించెను. ఎడమవైపు ముందు భాగమున దెబ్బతిన్న తావు కనబడినది. పక్షవాతము వచ్చి కుడిచేయి పడిపోయిన వృద్ధులు పలువురికి మాటయు పడిపోవుటకు ఇదియే కారణము. శరీరపు కుడిభాగమును నడపునది మెదడు ఎడమభాగమే. మాటలపుట్ట గూడ చాలమందికి ఆ ప్రక్కనే యున్నది. అట్టివారు మాటాడలేకున్నను పలుమార్లు మన మాటలు గ్రహింపగలరు. ఈ సంగతి తెలియక వారి యెదుటనే వారినిగూర్చి ఏవేవో అనుట మన యిండ్లలో జరుగుచుండును.

ఇక చూపు సంగతి. చూచునది కన్ను అని మనమందుము. కన్ను కాంతిని పట్టును, చూచునది మెదడు. కంటినుండి బయలుదేరిన పదిలక్షల నాడీపోగులు నడుమ థాలమసు అను ద్వారమును దాటి, తల వెనుకభాగమునకు చేరును. డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీజెల్ అను శాస్త్రజ్ఞులు 1959లో పిల్లులపై పరిశోధించి, అచటి కణములలో కొన్ని నిలువుగీతకు, కొన్ని అడ్డగీతకు, కొన్ని ఏటవాలు గీతకు మాత్రమే స్పందించునని కనుగొనిరి. మీరు 'అ' అను అక్షరమును చూచునపుడు దానిని మెదడు ముందుగా ముక్కలు చేసి, పిమ్మట కూర్చుకొనుచున్నదన్నమాట.

కూర్చుటలో మెదడు కొంత కల్పనయు చేయును. మీరే పరీక్షింపవచ్చును. తెల్లకాగితముపై ఎడమప్రక్క ఒక కూడికగుర్తును, దానికి ఎనిమిది సెంటీమీటర్ల దూరమున కుడిప్రక్క ఒక నల్లచుక్కను పెట్టుడు. ఎడమకన్ను మూసి, కుడికంటితో కూడికగుర్తునే చూచుచు, కాగితమును ముప్పది సెంటీమీటర్ల దూరమున పట్టి మెల్లగా ముందుకు వెనుకకు జరుపుడు. ఒకచోట చుక్క మాయమగును. నాడీపోగులు కట్టగా కంటిని విడిచిపోవు తావున కాంతిని గ్రహించు కణములు లేవు; చుక్క బింబము అచట పడినది. అయినను ఆ చోట మీకు గొయ్యి కనబడదు, తెల్లకాగితమే కనబడును. లేనిదానిని పూరించినది మెదడు. ఇదియు ఒక సమస్యాపూరణమే!

వాసన దారి మాత్రము వేఱు. అది థాలమసు ద్వారము చెంత మొదట ఆగక, జ్ఞాపకమునకు, ఉద్వేగమునకు సంబంధించిన తావుల చెంతకు సూటిగా పోవును. విస్సన్నపేట చుట్టుపట్ల మామిడితోటలు మెండు. దూరదేశమున స్థిరపడిన ఈ ప్రాంతమువానికి మామిడిపూత వాసన తగిలిన తోడనే, ఎన్నడో మఱచిన చిన్ననాటి సంగతి కన్నులకు కట్టుట అందువలననే.

చూపును మెదడు నేర్చుకొనవలసియున్నది. ఆ నేర్చుటకు వయస్సు కలదు. హ్యూబెల్, వీజెల్ పండితులే పసిపిల్లికూన కన్నొకటి కొన్నివారములు మూసియుంచి, పిమ్మట తెఱచిరి. కంటికి లోపము లేదు. అయినను ఆ కంటితో అది చూడలేకపోయెను. దానికి చెందవలసిన మెదడు తావును రెండవ కన్ను ఆక్రమించుకొన్నది. 1981లో వీరికి నోబెల్ బహుమానము వచ్చినది. ఈ పిల్లికూన కథ మన తరగతిగదిలో గూడ జరుగుచున్నది. కొందఱు పిల్లలకు ఒక కన్ను మెల్లగానుండుటచేతనో, శుక్లముచేతనో, రెండుకన్నుల చూపులో హెచ్చుతగ్గుల చేతనో మెదడు ఆ కంటిని నిర్లక్ష్యము చేయును. మంచికన్ను తెఱచియుండుటచే బిడ్డకే ఆ సంగతి తెలియదు. ఏడెనిమిదేండ్లలోపున కనిపెట్టి, తగిన అద్దములు పెట్టి, మంచికన్నును దినమునకు కొన్నిగంటలు కప్పియుంచినచో చాలవఱకు చూపు వచ్చును, ఆలస్యమైనకొలది కష్టము. రెండుకన్నుల చూపును తగ్గినవాడు నల్లబల్లపై వ్రాత చదువలేక మొద్దు అనిపించుకొని వెనుకబల్లకు పోవును. అచట వానికి మఱింత కనబడదు. హైదరాబాదున 1987లో స్థాపింపబడిన ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవంటి చోట్ల పిల్లల కన్నులకు వేఱుగా వైద్యము చేయుదురు. కాని పట్టణపు వైద్యునికంటె ముందు కనిపెట్టవలసినది ఇంటివారును, ఉపాధ్యాయుడునే. ఒకకన్ను మూసి, రెండవకంటితో గోడ క్యాలెండరు చదివించుటకు కాసు ఖర్చు లేదు.

కన్నులు తెఱచియున్నను, మనస్సు అచట లేనిచో చూపు లేదు. 1999లో సైమన్సు, షాబ్రీ అను ఇద్దఱు బంతియాట చలనచిత్రమును చూపి, తెల్లచొక్కాలవారు బంతిని ఎన్నిమార్లు అందించిరో లెక్కపెట్టుడనిరి. ఆట నడుమ గొరిల్లా వేషము వేసినవారొకరు వచ్చి, ఱొమ్ము చఱచుకొని పోయిరి. చూచినవారిలో సుమారు సగము మంది దానిని కననేలేదు! అవధానమనుమాటకు ఏకాగ్రత యనియే అర్థము. మెదడు ముందుభాగమును, నడినెత్తి వెనుకభాగమును కూడి, ఏ వార్తను లోనికి రానీయవలెనో, దేనిని ఆపవలెనో నిర్ణయించుచుండును. ఆపినదానిపై గూడ కొంత కావలి యుండును. నెమలి వేణుగోపాలస్వామి తిరునాళ్ళలో వేయిగొంతుకల నడుమ ఎవరో మీ పేరు పలికిన మీ తల తిరుగును గదా.

అవధాని ఎనిమిది పనులు ఒక్కసారి చేయుచున్నాడనుట సరికాదు. ఆలోచింపవలసిన రెండు పనులను మెదడు ఏకకాలమున చేయజాలదు. ఒకదానినుండి మఱియొకదానికి మారుచుండును. మారిన ప్రతిసారి కొంతకాలము నష్టము, కొంత తప్పు. చదువు నడుమ సెల్‌ఫోను చూచువాడు ఈ సుంకమును మాటిమాటికి చెల్లించుచుండును. అవధాని గొప్పతనము మారుటలో నున్నది. సమస్యాపాదము చెప్పి దత్తపదికి పోవునపుడు మొదటిదానిని పూర్తిగా విడుచును. మరల వచ్చినపుడు విడిచినచోటనే అందుకొనును.

మఱి అంత జ్ఞాపకమెట్లు? ఉత్పలమాలలో పాదమునకు ఇరువది అక్షరములు, పద్యమునకు ఎనుబది. ఇట్టివి ఐదు పద్యములైన నాలుగు వందల అక్షరములు. తత్కాలమున మనస్సున నిలుపగలవి ఏడింటికి అటునిటుగా నుండునని 1956లో జార్జి మిల్లర్ వ్రాసెను. నాలుగే యని తరువాతివారనిరి. కాని ఆ ఏడును అక్షరములే కానక్కఱలేదు. పెద్ద పెద్ద మూటలు గూడ కావచ్చును. ఛందస్సు మూటకట్టు త్రాడు. ఏ చోట గురువో ఏ చోట లఘువో ముందే నిర్ణీతము. పదియవ అక్షరము మొదటిదానితో యతి కుదురవలెను. నాలుగుపాదముల రెండవ అక్షరము ప్రాస. తప్పుమాట వచ్చినచో ఆ చోట కూర్చొననే కూర్చొనదు. చదరంగమునను ఇంతే. 2002లో పదునైదేండ్ల ప్రాయమున గ్రాండ్‌మాస్టరైన మన కోనేరు హంపివంటివారు బల్లను ఒకమారు చూచి పావులన్నింటిని చెప్పగలరు. కాని పావులను అడ్డదిడ్డముగా వెదజల్లినచో నిపుణుల జ్ఞాపకము మామూలువారి జ్ఞాపకమునకు చేరువయగునని 1973లో చేజ్, సైమన్ చూపిరి. జ్ఞాపకశక్తి అనునది సంచివంటిది కాదు. అర్థము తెలిసిన విషయమునందే అది పెరుగును.

క్రొత్త సంగతులు నిలుచుటకు కణతల లోపల, సముద్రపు గుఱ్ఱము ఆకారమున, హిప్పోకాంపసు అను భాగము కలదు. దాని విలువ తెలిపినవాడు హెన్రీ మొలైసన్ అను అమెరికా దేశీయుడు. తీవ్రమైన మూర్ఛకు 1953లో శస్త్రచికిత్స చేసి, వానికి ఇరువైపుల హిప్పోకాంపసులో అధికభాగమును తొలగించిరి. మూర్ఛ తగ్గెను, కాని నాటినుండి 2008లో మరణించు వఱకు క్రొత్తసంగతి యేదియు వాని జ్ఞాపకమున నిలువలేదు. చిన్ననాటి కథ చెప్పును. ఇప్పుడు కలిసినవారిని మఱుక్షణమున ఎఱుగడు. బ్రెండా మిల్నర్ అను విదుషి వానిచేత, అద్దములో చూచుచు నక్షత్రపు బొమ్మ గీయించెను. మూడుదినములలో వాని చేయి చక్కగా తిరిగెను. కాని మునుపు గీసితినను మాటయే వానికి తెలియదు. సంగతుల జ్ఞాపకము వేఱు, చేతిపని జ్ఞాపకము వేఱు. సైకిలు త్రొక్కుట, మద్దెల వాయించుట మొదలగునవి అనుమస్తిష్కమున, మెదడు లోతట్టు గుంపులలో నిలుచును; అందుచేతనే వానిని పుస్తకము చూచి నేర్వలేము.

నేర్చుట యనగా నాడీసంధులు బలపడుట. కలసి పనిచేయు కణముల నడుమ బంధము దృఢమగునని 1949లో డొనాల్డ్ హెబ్ ఊహించెను. 1973లో బ్లిస్, లోమో కుందేటి హిప్పోకాంపసులో అట్టి దృఢత్వమును కొలిచి చూపిరి. పొలములో నడచినకొలది కాలిబాట ఏర్పడుటవంటిది. ఆ బాట పడుటకు పలుమార్లు చదువుటకంటె, పుస్తకము మూసి అప్పజెప్పుట మేలని 2006లో అమెరికా పరిశోధకులు తేల్చిరి. వారము గడచిన తరువాత చూడగా, తమ్ము తాము పరీక్షించుకొన్నవారికే హెచ్చుగా జ్ఞాపకమున్నది. మన వీధిబడి పంతుళ్ళు ఈ పని నూఱేండ్లకు ముందే చేయించిరి. అర్థము చెప్పక చేయించుటయే వారి లోపము. పరీక్షముందు రాత్రియంతయు మేల్కొనుట మాత్రము నష్టము. పగలు ఎలుక తిరిగిన దారికి స్పందించిన కణములే నిద్రలో మరల కలసి మేల్కొనుచున్నవని 1994లో కనుగొనిరి.

హర్యానాలోని మానేసర్ జాతీయ మెదడు పరిశోధన కేంద్రమున వేదపండితుల మెదళ్ళను చిత్రించి, ఆ ఫలితములను 2016లో ప్రకటించిరి. కుడి హిప్పోకాంపసునందును, ఇతర భాగములందును వారికి కణపదార్థము హెచ్చుగా కనబడినది. అధ్యయనముచే అది పెరిగినదా, లేక అట్టి మెదడున్నవారే అధ్యయనమున నిలిచిరా అను ప్రశ్న న్యాయమైనదే. లండను టాక్సీ నడపువారి విషయమున దీనికి కొంత సమాధానము దొరకినది. ఇరువదియైదువేల వీధులను నేర్చి పరీక్షలో నెగ్గినవారికి హిప్పోకాంపసు వెనుకభాగము ఆ యేండ్లలోనే పెరిగెననియు, తప్పినవారికి పెరుగలేదనియు 2011లో తేలినది.

మన హైదరాబాదున నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడిగారును, వారి సహచరులును మతిమఱుపు వ్యాధి సోకిన 648 మందిని పరీక్షించి, 2013లో ఫలితములు ప్రకటించిరి. ఒకే భాష మాటాడువారికంటె, తెలుగుతోబాటు ఉర్దూయో, హిందీయో, ఆంగ్లమో వాడుకగా మాటాడువారికి వ్యాధి సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా మొదలైనది. ఒక భాషను ఆపి మఱియొకదానిని పలుకుట గూడ నిత్యావధానమే కాబోలు. ఇతర దేశముల పరిశోధనలన్నియు దీనితో ఏకీభవింపలేదు, చర్చ సాగుచున్నది. అయినను హైదరాబాదు లెక్కలో ఒక విశేషము కలదు. బడి మెట్లెక్కని నిరక్షరాస్యులలో గూడ, రెండుభాషల వారికి ఆ యేండ్ల లాభము కనబడినది.