గిత్త బెదిరితే పగ్గం బిగించాలా?

కొట్టంలో సాధువుగా నిలబడ్డ ఒంగోలు గిత్త ఊరి పొలిమేర దాటగానే చెవులు రిక్కించి, రంకె వేసి, పట్టుకున్న మనిషిని ఈడ్చుకుపోతుంది. బండలాగుడు పోటీలకైనా పొలానికైనా దాన్ని ఆ దారినే నడిపించాలి. కొత్తగా పగ్గం పట్టినవాళ్లకు గుండె జారేది అక్కడే. వాళ్లకు ధైర్యం చెబుతూ చుట్టుపక్కలవాళ్లు ఇచ్చే సలహాల్లో కొన్ని ప్రమాదాన్ని పెంచేవి కూడా.

అపోహ: ఎరుపు కనబడితే గిత్త రెచ్చిపోతుంది.

వాస్తవం: అదే నిజమైతే ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఒక్క ఎద్దూ రోడ్డెక్కకూడదు. ఎటు చూసినా మిరప కళ్లాలే కదా! ఎరుపును విడిగా గుర్తించే కణాలు పశువుల కంట్లో లేవు. వాటిని బెదరగొట్టేది కదలిక, అలవాటు లేని చప్పుడు. కాయల మీద కప్పిన పట్టా గాలికి టపటప కొట్టుకున్నా, పత్తి బోరాల ట్రాక్టరు వెనక తాడు ఊగినా చాలు. ఎర్ర చొక్కా మార్చుకుని లాభం లేదు. గాలి లేని పొద్దుటిపూట ఆ కళ్లాన్ని దూరం నుంచి చూపించాలి, తల దించి వాసన చూడనివ్వాలి, మరో రోజు ఇంకాస్త దగ్గరగా తీసుకెళ్లాలి. నీడ దగ్గరో నీటి మడుగు దగ్గరో గిత్త ఆగిపోతే చాలామంది మొండితనం అంటారు. తల దించి చూస్తేగానీ లోతు తెలియక ఆగుతుందది. ఒక్క నిమిషం ఓపిక పడితే పోయేదేముంది?

అపోహ: పగ్గం బిగించి పట్టుకుంటేనే అదుపు.

వాస్తవం: ఐదారు వందల కిలోల పశువుతో బలానికి బలం పెడితే మనిషి గెలవడు. ముకుతాడు దూరే ముక్కు మధ్య గోడ చాలా సున్నితం. ఎడతెరిపి లేకుండా లాగి పట్టుకుంటే, ఏం చేస్తే నొప్పి ఆగుతుందో దానికి అర్థం కాక ఇంకా విదిలించుకుంటుంది. కొద్దిగా లాగి, అడుగు నెమ్మదించగానే వదలాలి. అది నేర్చుకునేది ఆ వదలడంతోనే. గుర్రపు స్వారీ నేర్పేవాళ్లు కళ్లెం గురించి చెప్పేదీ ఇదే. దూకుడు మీద ఉన్నప్పుడు ఎదురు లాగకుండా, చోటుంటే పక్కకు వంపు తిప్పితే వేగం తగ్గుతుంది. పట్టు జారకూడదని పగ్గాన్ని చేతికి చుట్టుకునేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. గిత్త పరుగందుకుంటే ఇక వదిలించుకునే దారి ఉండదు. మడతలు వేసి అరచేతిలో పట్టుకోవాలి.

అపోహ: ములుగర్ర చూపిస్తే దారికొస్తుంది.

వాస్తవం: పొడిస్తే ముందుకు దూకుతుంది, అంతే. పైగా పశువులను తోలడానికి మొనదేలిన కర్రలు వాడటం 1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం నిషిద్ధం.

అపోహ: లోపల వణుకుతున్నా పైకి గంభీరంగా ఉంటే చాలు.

వాస్తవం: 2009లో ప్రచురితమైన స్వీడన్ పరిశోధన ఒకటి ఉంది. గుర్రాన్ని నడిపించేవాళ్లకూ స్వారీ చేసేవాళ్లకూ దారిలో గొడుగు తెరుస్తామని చెప్పి, తెరవకుండా ఊరుకున్నారు. మనుషుల గుండె వేగం పెరిగింది, గుర్రాలదీ పెరిగింది. గిత్త గుర్రం కాదు, నిజమే. అయినా బిగిసిన చెయ్యి పగ్గం గుండా ముక్కుకు తెలియకుండా ఉంటుందా? గుండె దడగా ఉన్న రోజు కొత్త దారి పట్టకండి. నిదానమైన జత ఎద్దును పక్కన నడిపిస్తే గిత్తా కుదురుకుంటుంది, మీరూ కుదురుకుంటారు.

అపోహ: పాలసీసాతో పెంచిన గిత్త మనిషిని ఏమీ చేయదు.

వాస్తవం: చాలామందికి మింగుడుపడని సంగతి ఇది. హియర్‌ఫర్డ్ జాతి కోడెలపై 1990లో వచ్చిన పరిశోధనలో, మనుషుల చేతుల్లో ఒంటరిగా పెరిగినవే మనుషుల మీదకు ఎక్కువగా వచ్చాయి. తోటి పశువుల మధ్య పెరగని కోడె మనిషినే పోటీదారు అనుకుంటుంది. ముద్దుగా పెంచినా సరే, దూడను మందలో తిరగనివ్వాలి. పెద్దయ్యాక అది మీకు అడ్డంగా తిరిగి, మెడ వంచి, ఒళ్లంతా కనబడేలా నిలబడితే ఫోటో తీయడానికి ఎగబడకండి. అది హెచ్చరిక. పరిగెత్తకుండా, వెన్ను చూపకుండా మెల్లగా వెనక్కి జరగండి.