నాడి ఆడదు... మనిషి ఆగడు!

మణికట్టు దగ్గర వేళ్లు పెట్టి చూస్తే నాడి అందదు. బీపీ మిషను కూడా ఒక్కోసారి చేతులెత్తేస్తుంది. అయినా ఆ మనిషి నడుస్తాడు, నవ్వుతాడు, మార్కెట్‌కెళ్లి కూరగాయలు తెచ్చుకుంటాడు! గుండెకు 'ఎల్‌వ్యాడ్' అనే పంపు పెట్టించుకున్న చాలామంది సంగతి ఇదే. 2000లో ఆక్స్‌ఫర్డ్‌లో 'జార్విక్ 2000' పంపు అమర్చుకున్న పీటర్ హౌటన్ ఆ తర్వాత ఏడేళ్లకు పైగా బతికాడు.

గుండెను తీసేసి ఈ పంపు పెడతారని కొందరనుకుంటారు. కాదు. నీరసించిన గుండె అక్కడే ఉంటుంది. ఎడమ జఠరిక కొనకు రంధ్రం చేసి పంపు బిగిస్తారు. అది రక్తాన్ని లాగి, ఓ గొట్టం గుండా బృహద్ధమనిలోకి తోస్తుంది.

అసలు కథంతా లోపలే. మామూలు గుండెలో మిట్రల్ కవాటం దాటిన రక్తం జఠరికలో సుడి తిరుగుతుంది. ఆ సుడిలోనే మలుపు తీసుకుని బృహద్ధమని కవాటం వైపు ఉరుకుతుంది. నిమిషానికి సుమారు 5 లీటర్లు! పంపు వచ్చాక రక్తం సూటిగా కొనవైపు పోతుంది. బైపాస్ రోడ్డు పడ్డాక ఊళ్లో పాత బస్టాండు ఏమవుతుంది? ఆ కవాటం గతీ అంతే. పంపు జోరెక్కువైతే అది అసలు తెరుచుకోకపోవచ్చు. అప్పుడు దాని చుట్టూ రక్తం నిలిచి గడ్డకట్టే ప్రమాదముంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతమే. నెలల తరబడి కదలని కవాటం రెక్కలు అతుక్కుపోవచ్చు, లీకు మొదలవ్వొచ్చు. పంపు తోసిన రక్తమే వెనక్కొస్తుంది, మళ్లీ పంపులోకే వెళ్తుంది. గానుగెద్దు నడకలా తిరుగుడే తప్ప ఒంటికి దక్కేది తక్కువ.

జోరు ఇంకా పెంచితే? జఠరిక గోడ లోపలికి లాక్కుపోయి పంపు మూతికే అడ్డుపడుతుంది. మధ్యగోడ ఎడమకు ఒరిగి కుడివైపు గుండె ఇబ్బంది పడుతుంది. తగ్గిస్తేనేమో ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగి ఆయాసం! అందుకే డాక్టర్లు ఎకో తెరమీద కవాటాన్ని చూస్తూ వేగాన్ని కొంచెం కొంచెంగా మారుస్తారు. అప్పుడప్పుడైనా అది తెరుచుకునేలా చూస్తారు. అందరూ పంపు ఖరీదు గురించే మాట్లాడతారుగానీ పనితనమంతా ఈ సర్దుబాటులోనే ఉంది.

అమెరికాలో 2017లో అనుమతి పొందిన 'హార్ట్‌మేట్ 3'లో చక్రం అయస్కాంత శక్తితో తేలుతూ తిరుగుతుంది. ప్రతి రెండు సెకన్లకోసారి వేగాన్ని తనే తగ్గించి, పెంచుతుంది. రక్తం ఒకేచోట నిలవకుండా ఈ కుదుపు. అయినా రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లాంటి మందు తప్పదు. దానికి ఆస్పిరిన్ కూడా జోడించేవారు. ఈ పంపున్నవారిపై జరిపిన 'ఏరీస్' పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. ఆస్పిరిన్ మానేసినవారిలో గడ్డల బెడద పెరగలేదు, రక్తస్రావం మాత్రం తగ్గింది.