కవచం మన కొలిమిలోనే తయారవ్వాలి

ఇటీవల జంషెడ్‌పూర్‌లో మా మేనల్లుడి ఇంటికి వెళ్లాను. వాళ్ల తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి అక్కడే స్థిరపడ్డారు. మావాడు ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో ఓ చిన్న సంస్థలో ఇంజనీరు. రాత్రి భోజనాలయ్యాక ఫోన్లో ఎవరినో ‘‘కెర్నల్ రెడీ అయిందా?’’ అని అడుగుతుంటే, నన్నే అనుకుని చెప్పులు వేసుకున్నాను. ‘‘మీరు కాదు మామయ్యా’’ అని నవ్వాడు.

కల్నల్‌కు తెలియని ఆ కెర్నల్ సంగతి దేశ భద్రతకు సంబంధించినదే. కంప్యూటర్‌లోని యంత్రభాగాలకూ ప్రోగ్రాములకూ మధ్య నిలిచి, ఎవరికి ఎంత మెమరీ ఇవ్వాలో, ఏ పరికరాన్ని ఎవరు వాడాలో నిర్ణయించేది కెర్నల్. దాని మాటకు పైన అప్పీలు లేదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నల్ నేడు ఆండ్రాయిడ్ ఫోన్ల నుంచి సూపర్ కంప్యూటర్ల దాకా నడిపిస్తోంది. మూడు కోట్ల లైన్లు దాటిన దాని సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదవొచ్చు. అక్కర్లేనివి తీసేసి తమ పరికరానికి సరిపడా కెర్నల్ తయారుచేసుకోవచ్చు.

ఆ తయారీని ‘బిల్డ్’ అంటారు. సొంత ల్యాప్‌టాప్‌లో గంటలు పట్టే పనిని నిమిషాల్లో చేసిపెట్టే ఉమ్మడి ఆన్‌లైన్ సేవలు వచ్చాయి. ఓపెన్‌సూసే బిల్డ్ సర్వీస్, లినారో వారి టక్స్‌సూట్ వీటిలో పేరున్నవి. మావాడు వాడేది వేరొకటి. కావలసిన ఎంపికలు పంపితే ఎక్కడో ఉన్న సర్వర్లు బిల్డ్ చేసి పంపిస్తాయి. చిన్న సంస్థలకు ఇది వరమే, కాదనను.

కానీ సెంట్రీ పోస్టులో నేర్చుకున్న మొదటి పాఠం ‘ఎవరక్కడ?’ అని అడగడం. అదే అడిగాను: ‘‘నువ్వు పంపిన కోడ్‌తోనే ఇది తయారైందని నీకెలా తెలుసు?’’ మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అదే కోడ్‌ను, అదే కంపైలర్‌తో ఇంట్లో బిల్డ్ చేశాడు. రెండు ఫైళ్ల హ్యాష్‌లు, అంటే వాటి వేలిముద్రలు, కలవలేదు. కారణం వెతికితే నిరపాయకరమైనదే దొరికింది. కెర్నల్ తనలో తయారైన తేదీ, సమయం, యంత్రం పేరు రాసుకుంటుంది. వాటిని రెండు చోట్లా ఒకేలా ఉంచి మళ్లీ చేస్తే అర్ధరాత్రి దాటాక హ్యాష్‌లు కలిశాయి. ‘‘ఇన్నాళ్లూ చూడనే లేదు మామయ్యా’’ అన్నాడు. నన్ను కలవరపెట్టింది ఆ మాటే.

ఎందుకంటే శత్రువు దూరేది సరిగ్గా అక్కడే. 2020లో బయటపడిన సోలార్‌విండ్స్ దాడిలో చొరబాటుదారులు భద్రపరిచిన సోర్స్ కోడ్ జోలికి పోలేదు. బిల్డ్ జరిగే క్షణంలో ఒక ఫైలును మార్చేశారు. కంపెనీ సంతకంతోనే ఆ విషం సుమారు 18,000 మంది ఖాతాదారుల దాకా వెళ్లింది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీలో దొరికిన దొడ్డిదారి కూడా బిల్డ్ సమయంలోనే మేల్కొనేలా అమర్చినదే. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీయకపోతే అది లోకమంతా పాకేది. 2011లో సాక్షాత్తూ కెర్నల్ డాట్ ఆర్గ్ సర్వర్లలోకే దుండగులు జొరబడ్డారు. అందరూ వాడే వంటశాలలో ఒక్కడు విషం కలిపితే చాలు, పంక్తి మొత్తానికి ప్రమాదమే.

మరి ప్రపంచం రాసిన కోడ్ వద్దందామా? జవాబు ఈ ఊరి చరిత్రలోనే ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో మన సైనికులు నడిపిన సాయుధ శకటానికి ‘టాటానగర్’ అని పేరు. దాని చాసిస్ కెనడా ఫోర్డ్‌ది, కవచపు పలక ఈ ఊరి ఉక్కు. చాసిస్ సముద్రం దాటి వచ్చినా, సిపాయి ప్రాణానికి అడ్డుగా నిలిచే పలక మాత్రం మన కళ్ల ముందే కాగింది, పరీక్షకు నిలిచింది. ఉక్కు కర్మాగారంలో నేటికీ ప్రతి కాపుకూ ఒక హీట్ నంబరు ఉంటుంది. పలక పగిలితే ఏ కాపులోనిదో చెప్పగలరు. కెర్నల్‌కూ అలాంటి జాతకం ఉండాలి.

మన పునాది లేకపోలేదు. సీడాక్ 2007లోనే బాస్ లినక్స్ తెచ్చింది. ఉబుంటు ఆధారంగా రూపొందిన మాయా ఓఎస్‌ను 2023లో రక్షణ శాఖ తన కంప్యూటర్లకు ఎంచుకుంది. అయితే పేరు మనది కాగానే భద్రత మనది కాదు. రక్షణ పరికరాల కెర్నళ్లు దేశంలోని, ఇంటర్నెట్‌తో సంబంధం లేని యంత్రాలపైనే బిల్డ్ కావాలి. ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు బృందాలు విడివిడిగా బిల్డ్ చేసి, హ్యాష్‌లు కలిస్తేనే ఆమోదించాలి. సంతకం చేసే తాళంచెవి ఒక్కరి చేతిలో ఉండకూడదు. మందుగుండు గదికి రెండు తాళాలు వేసే సైన్యానికి ఇది కొత్త పద్ధతేమీ కాదు. రక్షణ శాఖకు సరకు అందించే ఆదిత్యపూర్ లాంటి చోట్లలోని చిన్న సంస్థలకూ ఇలాంటి స్వదేశీ ఉమ్మడి సేవను ప్రభుత్వమే అందుబాటులోకి తేవాలి. లేకపోతే చవకైన చోటికే వెళ్తారు, వాళ్లను తప్పుపట్టలేం.

నేను బయల్దేరే రోజు మావాడు తన బల్ల ఎదుట గోడకు ఒక కాగితం అంటించాడు. దాని మీద రెండే మాటలు: ‘హ్యాష్ చూశావా?’ మన ఆయుధ సంపత్తిని ఆమోదించే ప్రతి బల్ల ఎదుటా ఆ కాగితం ఉండాలి.