పొలం లేని పిల్లలకూ సేద్యం చదువు

అమెరికా హైస్కూళ్లలో వ్యవసాయాన్ని పాఠంగా చదువుకునే పిల్లలకు దాదాపు వందేళ్లుగా ఒక సంఘం ఉంది. 1928లో కాన్సస్ సిటీలో 18 రాష్ట్రాల నుంచి వచ్చిన 33 మంది ప్రతినిధులు కూడి దాన్ని స్థాపించారు. 'ఫ్యూచర్ ఫార్మర్స్ ఆఫ్ అమెరికా' అని పేరు పెట్టుకున్నారు. సరిగ్గా అరవై ఏళ్లకు, 1988లో, అదే సంఘం తన పేరును 'నేషనల్ ఎఫ్‌ఎఫ్‌ఏ ఆర్గనైజేషన్'గా మార్చుకుంది. ఇవాళ అందులో ఆహార పరిశ్రమల్లో, పశువైద్యంలో, జన్యుశాస్త్రంలో, పత్రికారంగంలో స్థిరపడాలనుకునే పిల్లలున్నారు. ఎకరం నేల కూడా లేని నగరాల పిల్లలున్నారు. రైతుల కోసం పుట్టిన సంఘం రైతును వదిలేసిందన్న బాధ అక్కడి పల్లెల్లో చాలామందికి ఉంది. ఆ బాధ అర్థం చేసుకోదగ్గదే. అయితే దారి మార్చుకోవడం వల్లే ఆ సంఘం బతికి బట్టకట్టిందని, దానికి అసలు ముప్పు ఇంకో వైపు నుంచి ఉందని నా అభిప్రాయం. పిల్లవాడు సొంతంగా ఏదో ఒకటి పండించి, పెంచి, దాని లాభనష్టాలు తానే లెక్క రాసుకోవడం ఈ చదువుకు ప్రాణం. అది సడలితే పేరులో రైతు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఆ ప్రాణం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మసాచుసెట్స్‌లోని నార్తాంప్టన్‌లో ఒక వ్యవసాయ పాఠశాలకు రూఫస్ స్టిమ్సన్ అధిపతిగా ఉండేవాడు. బడిలో నమూనా పొలం పెట్టి అందులో పిల్లల చేత కూలి పని చేయించడం ఆయనకు నచ్చలేదు. పిల్లవాడు బడిలో నేర్చుకున్నది ఇంటి దగ్గర తన మడిలోనో, తన కోళ్ల గూటిలోనో చేసి చూడాలని, మాస్టారు అక్కడికే వెళ్లి చూసి తప్పొప్పులు చెప్పాలని ఒక పద్ధతి పెట్టాడు. 1917లో వచ్చిన స్మిత్-హ్యూస్ చట్టం హైస్కూలు వ్యవసాయ విద్యకు కేంద్ర నిధులు ఇస్తూ ఈ ఆలోచనకు చట్టబద్ధత కల్పించింది. ఏడాదిలో కనీసం ఆరు నెలలు పర్యవేక్షణలో పొలం పని ఉండి తీరాలన్నది షరతు. పదకొండేళ్ల తర్వాత పుట్టిన సంఘం ఈ పునాది మీదే లేచింది. దాని సమావేశాల్లో ఒక్కో పదవికి ఒక్కో గుర్తు ఉంటుంది. అధ్యక్షుడు ఉదయించే సూర్యుడి బొమ్మ దగ్గర, ఉపాధ్యక్షుడు నాగలి దగ్గర, కార్యదర్శి మొక్కజొన్న కంకి దగ్గర కూర్చుంటారు. కోశాధికారి స్థానం జార్జ్ వాషింగ్టన్ చిత్రం దగ్గర. దేశానికి తొలి అధ్యక్షుడైనందుకు కాదు ఆ గౌరవం, తన సేద్యం జమాఖర్చులు జాగ్రత్తగా రాసుకున్న ఆసామి కాబట్టి. పద్నాలుగేళ్ల పిల్లలకు లెక్క రాయడం అంత పెద్ద సంగతని చెప్పిన ఈ ఏర్పాటు నాకు ఎంతో నచ్చుతుంది.

దారి మార్పు ఎవరి తలపులోంచో ఊడిపడింది కాదు, పొలాలు తగ్గిపోయాయి. 1935లో అమెరికాలో దాదాపు 68 లక్షల వ్యవసాయ క్షేత్రాలుండేవి. 2022 వ్యవసాయ గణనలో మిగిలినవి సుమారు 19 లక్షలు. సాగు చేసేవారి సగటు వయసు 58 దాటింది. ముప్ఫై అయిదేళ్ల లోపు వారు పదిలో ఒకరు కూడా లేరు. 1963 నాటి వృత్తివిద్యా చట్టం ఈ వాస్తవాన్ని గుర్తించి, పొలానికి బయట వ్యవసాయంతో ముడిపడిన ఉద్యోగాలను కూడా పాఠ్యాంశాల్లోకి తెచ్చింది. 1969లో అమ్మాయిలకు సభ్యత్వం దొరికింది. అంతవరకు జాతీయ నియమావళి ప్రకారం ఇది మగపిల్లల సంఘమే. డెబ్బైల చివర్లో సభ్యులు అయిదు లక్షలకు చేరినా, ఎనభైల్లో అప్పుల ఊబిలో పడి క్షేత్రాలు వేలానికి వెళ్తుంటే సభ్యత్వం కూడా కుంగింది. తొంభైల మొదట్లో నాలుగు లక్షల లోపుకు జారింది. ఆ కుంగుబాటు మధ్యలోనే, 1988లో, జాతీయ పరిశోధన మండలి ఒక నివేదిక ఇచ్చింది. వ్యవసాయం గురించి తెలియడం రైతుబిడ్డలకే కాదు, ప్రతి విద్యార్థికీ అవసరమని, విజ్ఞానశాస్త్రాన్ని వ్యవసాయం ద్వారా చెప్పవచ్చని దాని సారాంశం. పేరు మార్పు కూడా ఆ ఏడాదే. ఇప్పుడు సభ్యుల సంఖ్య పది లక్షలు దాటింది.

రైతుల్ని తయారు చేయని రైతు సంఘం ఎందుకన్న ప్రశ్నకు ఈ అంకెల్లోనే జవాబుంది. పది లక్షల మంది పిల్లలు, పందొమ్మిది లక్షల క్షేత్రాలు. ఆ క్షేత్రాల్లో కూడా చాలావాటి ఆదాయం మీద ఒక కుటుంబం బతకలేదు. పిల్లలందరినీ సాగుకే సిద్ధం చేస్తామనడం వాళ్లకు అబద్ధం చెప్పడమే అవుతుంది. భూమి ధర, యంత్రాల ధర చూస్తే వారసత్వం లేని యువకుడు క్షేత్రం కొనడం ఎంత కష్టమో తెలుస్తుంది. దాన్ని బడి తీర్చలేదు. బడి చేయగలిగింది వేరే ఉంది. సంఘం నడిపే పశువుల పోటీని చూడండి. నాలుగు పశువుల్ని వరుసగా నిలబెడతారు. పిల్లవాడు వాటి నడక, వెన్ను, కండపుష్టి చూసి ఏది మేలో, ఏది తీసికట్టో క్రమం పెట్టాలి. తర్వాత న్యాయనిర్ణేత ముందు ఒంటరిగా నిలబడి, తన నిర్ణయానికి కారణాలు రెండు నిమిషాల్లో చెప్పాలి. క్రమం కాస్త తప్పినా కారణాలు గట్టిగా చెప్పినవాడికి మంచి మార్కులే వస్తాయి. ఈ పిల్లవాడు రేపు గొడ్లు కాయకపోవచ్చు. మాంసం నాణ్యత పరీక్షించే ఉద్యోగి కావచ్చు, రైతుకు అప్పివ్వాలా వద్దా అని తేల్చే బ్యాంకు మనిషి కావచ్చు. పశువును కళ్లారా చూసి బేరీజు వేయడం వచ్చిన బ్యాంకు మనిషి దొరికితే రైతుకే మేలు.

అందర్నీ చేర్చుకోవడం మంచిదే. చేర్చుకునే పద్ధతి మంచిది కాకపోతే ఏమవుతుందో కూడా ఈ సంఘం చరిత్రలోనే ఉంది. దక్షిణాది రాష్ట్రాల బడుల్లో నల్లజాతి పిల్లలు వేరు, తెల్లజాతి పిల్లలు వేరుగా ఉన్న రోజుల్లో నల్లజాతి విద్యార్థులు 1935లో అలబామాలోని టస్కీగీలో 'న్యూ ఫార్మర్స్ ఆఫ్ అమెరికా' స్థాపించుకున్నారు. వాళ్ల కోట్లు నలుపు, బంగారు రంగులు. ఎఫ్‌ఎఫ్‌ఏ చిహ్నంలోని మొక్కజొన్నకు బదులు వాళ్ల చిహ్నంలో విచ్చుకున్న పత్తికాయ. తమ నాయకులు, తమ ఉపాధ్యాయులు, తమ పోటీలు. 1965లో ఈ సంఘం ఎఫ్‌ఎఫ్‌ఏలో కలిసిపోయింది. అప్పటికి సభ్యులు యాభై వేలకు పైనే. కాగితం మీద అది విలీనం. జరిగిందేమంటే ఒక సంఘం జెండా దిగిపోయి రెండోదాని జెండా మిగిలింది. పేరు, రంగులు, పత్తికాయ, అన్నీ పోయాయి. నల్లజాతి సభ్యుల సంఖ్య ఆ తర్వాత బాగా పడిపోయింది. విలీనం తర్వాత జాతీయ అధ్యక్ష పదవికి ఒక నల్లజాతి విద్యార్థి ఎన్నిక కావడానికి 1994 దాకా ఆగాల్సి వచ్చింది. వేర్పాటు కొనసాగి ఉండాల్సిందని దీనర్థం కాదు. ఆ వేర్పాటు అన్యాయమే. కానీ వచ్చేవాళ్లు తమ గుర్తులు, తమ గురువులు, తమ పెత్తనం గుమ్మం బయట విడిచి రావాలంటే ఆ చేరికలో సమానత్వం లేదు. దారి మార్చుకునే ప్రతి సంఘమూ, ముఖ్యంగా నగరాల పిల్లల్ని పిలుస్తున్న ఈ సంఘం, ఈ ముప్ఫై ఏళ్ల నష్టాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

1994లో గెలిచిన ఆ విద్యార్థి కోరీ ఫ్లోర్నాయ్. అతని బడి షికాగో వ్యవసాయ విజ్ఞాన ఉన్నత పాఠశాల. నగరం లోపలే సుమారు డెబ్బై ఎకరాల్లో 1985లో మొదలైంది. అక్కడి పిల్లలు పశువుల్ని సాకుతారు, కూరగాయలు పండించి అమ్ముతారు. పట్నం పిల్లలు వస్తే మట్టి పని పోతుందన్న వాదానికి ఇంతకన్నా బలమైన జవాబు నాకు తెలియదు. భూమి లేని పిల్లలకు బడే భూమి సమకూర్చింది, అంతే.

నాకు బెంగ కలిగించే సంగతి ఇంకొకటి. ప్రతి విద్యార్థికీ పర్యవేక్షణలో ఒక అనుభవం ఉండాలన్న పాత నియమాన్ని ఈమధ్య కాలంలో బాగా విస్తరించారు. గొర్రెపిల్లను కొని పెంచడంతో పాటు, దుకాణంలో పని, పరిశోధన, సేవ, బడిలో చిన్న వ్యాపారం, మొదటి మెట్టుగా ఉద్యోగాల గురించి తెలుసుకోవడం కూడా లెక్కలోకి వస్తాయి. ఉద్దేశం మంచిదే, ఏమీ లేని పిల్లవాడు కూడా ఎక్కడో ఒకచోట మొదలు పెట్టగలడు. సంఘం ఇచ్చే అత్యున్నత పట్టాకు కూడా రెండు దారులున్నాయి. 10,000 డాలర్లు సంపాదించి అందులో 7,500 పెట్టుబడిగా పెట్టడం ఒకటి, 2,000 డాలర్లతో పాటు తరగతి వేళల బయట 2,250 గంటలు పనిచేయడం రెండోది. డబ్బు లేనివాడి చెమటకు కూడా విలువ కట్టిన ఈ రెండో దారి న్యాయమైనది. చిక్కల్లా మొదటి మెట్టు దగ్గరే. తరగతి నిండా పిల్లలుంటే, మాస్టారికి తీరిక లేకపోతే, ఆ మెట్టు మీదే చాలామంది ఆగిపోతారు. నాలుగు ఉద్యోగాల వివరాలు వెతికి రాసి ఇస్తే అనుభవం అయిపోయినట్టే. దాణా ధర పెరిగిన వారం గొర్రెను అమ్మాలా, ఉంచాలా అని తేల్చుకోవలసిన అవస్థ ఆ కాగితంలో ఉండదు. తప్పు చేస్తే తన డబ్బు పోవడం ఉండదు.

పెద్ద కంపెనీల చందాలు ఈ చదువును తమవైపు తిప్పుకుంటాయన్న ఆక్షేపణ కూడా ఉంది. సంఘానికి నిధులు కూర్చే ఫౌండేషన్ 1944 నుంచీ ఉంది. యంత్రాల, విత్తనాల కంపెనీలు ఇచ్చే సొమ్ము చిన్నదేమీ కాదు. అనుమానం న్యాయమైనదే. దానికి విరుగుడు చందాలు మానేయడంలో ఉందని మాత్రం నేననుకోను. తన చిట్టాలో విత్తనానికెంత, ఎరువుకెంత, మిగిలిందెంత అని రాసుకున్న పిల్లకు ఏ కంపెనీ ప్రకటనైనా నిలదీయడం వస్తుంది.

మనకూ ఇందులో ఒక సంబంధం ఉంది. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి అమెరికా ప్రభుత్వ పథకం కింద కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ తోడ్పడింది. బోధన, పరిశోధన, విస్తరణ ఒకే గొడుగు కింద ఉండాలన్న నమూనా అలా మనకు వచ్చింది. నేటి గుంటూరు, హైదరాబాద్ విశ్వవిద్యాలయాలు రెండూ దాని వారసులే. వ్యవసాయ డిగ్రీ విద్యార్థులు చివరి ఏడాదిలో పల్లెలో ఉండి రైతు వెంట పనిచేసే ఏర్పాటు ఉంది. పదో తరగతి తర్వాత వ్యవసాయ పాలిటెక్నిక్‌లున్నాయి. ఆ నమూనాలో కింది మెట్టు, అంటే హైస్కూలు పిల్లల సొంత మడి, సొంత చిట్టా, సొంత సంఘం, మన దగ్గర వేళ్లూనుకోలేదు. పై అంతస్తు కట్టుకున్నాం, మెట్లు వేసుకోలేదు.

అక్కడైనా ఆ మెట్టు నిలిచేది మాస్టారి మీదే. పంట, పశువు వేసవి సెలవులు పాటించవు కాబట్టి అమెరికాలో వ్యవసాయ ఉపాధ్యాయులకు మిగతా వారికన్నా ఎక్కువ నెలల ఒప్పందం ఇవ్వడం పాత ఆనవాయితీ. వాళ్లు సెలవుల్లో పిల్లల ఇళ్లకు వెళ్లి దొడ్డి చూస్తారు, మొక్క చూస్తారు, చిట్టా తిప్పి చూస్తారు. వ్యవసాయ ఉపాధ్యాయుల కొరత అక్కడ చాలా ఏళ్లుగా ఉంది. ఉన్నవారి మీద పిల్లల సంఖ్య పెరుగుతోంది. జూన్, జూలై నెలల్లో గొర్రెల కొట్టం దాకా వెళ్లే మాస్టారికి ఆ రెండు నెలల జీతం ఇవ్వాలా వద్దా అన్నది స్థానిక స్కూలు బోర్డులు బడ్జెట్ వేసేటప్పుడు తేల్చే విషయం.