ఆంగ్లమున నార్సు పదములు: సర్వనామముల సాక్ష్యము

ఒక భాషపై మరియొక భాష నెరపిన ప్రభావమును ఎరవు మాటల సంఖ్యనుబట్టి కొలుచుట పరిపాటి. కాని ఎరవు మాటలన్నియు ఒక్క తరగతికి చెందినవి కావు. క్రొత్త వస్తువుతోపాటు దాని పేరును వచ్చుట సహజము. ‘వారు’ వంటి సర్వనామమును పరభాషనుండి గైకొనుట మిక్కిలి అరుదు. తెలుగున సంస్కృతపదములు వేలకొలది చేరినను వాడు, ఆమె, వారు అనునవి దేశ్యములుగనే నిలిచినవి. ఆంగ్లమున అట్టి అరుదైన మార్పు జరిగినది. దే, దెమ్, దెయిర్ అను మూడు రూపములును వైకింగుల నార్సు భాషనుండి వచ్చినవే.

క్రీ.శ. 793లో లిండిస్‌ఫార్న్ మఠమును కొల్లగొట్టినవారు వచ్చినదారినే మరలిపోయిరి. దోపిడిగాండ్రవలన సర్వనామములు మారవు. 865లో దిగిన మహాసైన్యము తీరు వేరు. 876లో హాఫ్డాన్ నార్తంబ్రియా భూములను పంచిపెట్టగా అతని అనుచరులు దున్నుకొని బ్రతుకసాగిరని ఆంగ్లో-సాక్సను వార్షికచరిత్ర చెప్పుచున్నది. 878లో ఆల్‌ఫ్రెడ్ రాజుచేత ఓడిన గుత్రమ్ పిదప తూర్పు ఆంగ్లియాలో స్థిరపడెను. ఈ ప్రాంతములకే తరువాత డేన్‌లా అను పేరు కలిగినది. గ్రిమ్స్‌బీ, విట్‌బీ, డర్బీ అను పేళ్ళ చివరనున్న ‘బీ’ నార్సున ఊరునకు పేరు.

రెండును జర్మానిక కుటుంబపు భాషలే. దుబాసీ లేకయే ఒకరి మాట ఒకరికి చాలవరకు తెలిసియుండుననుట సమంజసము. అందుచేతనే ఎగ్, స్కిన్, నైఫ్, టేక్, డై వంటి ఇంటిమాటలు ఆంగ్లమున ప్రవేశించినవి. విండో అనగా నార్సున ‘గాలికన్ను’. మన గవాక్షమునందును కన్నే కలదు. ప్రాచీనాంగ్లమున ‘స్క’ ధ్వని ‘ష’గా మారినది, నార్సున మారలేదు. కావుననే ఒకే మూలమునుండి పుట్టిన షర్ట్, స్కర్ట్ రెండును నేడు వేర్వేరు అర్థములతో నిలిచియున్నవి.

ఈ పదములు పెక్కు 12వ శతాబ్దికి పూర్వపు గ్రంథములలో కానరావు. అప్పటి గ్రాంథికభాష దక్షిణపు వెసెక్సుది; డేన్‌లా పలుకుబడి దానికి దూరము. వ్రాతలో లేని మాట నోట లేదనరాదు.

సర్వనామముల విషయమున సాన్నిహిత్యమొక్కటే కారణము కాదు, అక్కరయు కలదు. ప్రాచీనాంగ్లమున హే (అతడు), హేఒ (ఆమె), హీఎ (వారు) అను రూపములు ధ్వనిక్షయమున కొన్ని మాండలికములందు ఇంచుమించు ఒక్కటైనవి. స్పష్టమైన నార్సు రూపము పొరుగింటనే ఉండెను. విభక్తి ప్రత్యయముల లోపమునకును నార్సు సంపర్కమే కారణమని కొందరందురు. పదాదిస్వరాఘాతమువలన అంత్యాక్షరములు అంతకుముందే బలహీనపడుచుండెను గనుక, సంపర్కము ఆ మార్పును త్వరపరచెననుట మేలు.

క్రొత్త సర్వనామములు ఒక్కుమ్మడిగా రాలేదు. 12వ శతాబ్దిలో లింకన్‌షైరు ప్రాంతపు ఆర్ములమ్ అను కావ్యమున ‘దే’ స్థిరముగా కలదు. 14వ శతాబ్ది చివర లండనులో చాసర్ ‘దే’ అనియే వ్రాసెను గాని ‘వారిని’, ‘వారి’ అనుటకు పాతవగు హెమ్, హిర్ రూపములనే వాడెను. ప్రథమావిభక్తి రూపము ముందు, తక్కినవి వెనుక దక్షిణమునకు సాగినవి. నేటి వాడుకలో వినబడు ‘ఎమ్’ను దెమ్‌నకు సంక్షేపమని పలువురు తలంతురు, అది ఆ ప్రాచీన ‘హెమ్’ శేషమే.