ఎలక్ట్రిక్ టర్బో

డీజిల్ లారీ ట్యాంకులో పోసిన ఇంధన శక్తిలో దాదాపు మూడో వంతు పొగగొట్టం గుండా వేడిగా బయటికి పోతుంది. దిగుమతి చమురు మీద బతికే మనలాంటి దేశానికి ఇది చిన్న నష్టం కాదు. అందులో కొంతైనా వెనక్కి రాబట్టే పరికరమే ఎలక్ట్రిక్ టర్బో.

మామూలు టర్బోచార్జర్‌కు స్విస్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లోనే పేటెంటు తీసుకున్నారు. పొగ ధాటికి టర్బైన్ తిరుగుతుంది. అదే ఇరుసుపై ఉన్న కంప్రెసర్ ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెడుతుంది. చిక్కల్లా బండి కదిలేటప్పుడే: పొగ చాలక టర్బో ఆలస్యంగా అందుకుంటుంది. నిండు లోడుతో ఘాట్ ఎక్కే లారీకి ఆ ఆలస్యం భారమే.

ఎలక్ట్రిక్ టర్బోలో ఆ ఇరుసుకే చిన్న మోటారు-జనరేటర్ అమరుస్తారు. పొగ తక్కువున్నప్పుడు అది మోటారుగా కంప్రెసర్‌ను తిప్పుతుంది. ఇంజిన్ నిలకడగా బరువు లాగుతున్నప్పుడు జనరేటర్‌గా కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటు బ్యాటరీకో, చక్రాలకు సాయపడే మోటారుకో చేరుతుంది.

ఇది ఉచిత శక్తి మాత్రం కాదు. టర్బైన్ నుంచి మరీ ఎక్కువ లాగితే పొగకు ఎదురు ఒత్తిడి పెరిగి, ఇంజిన్ ఆ మేరకు శ్రమిస్తుంది. పైగా అంత వేడి పక్కన, అంత వేగంతో తిరుగుతూ మోటారు మన్నాలి. ఫార్ములా వన్ కార్లలో 2014లో వచ్చిన ఇలాంటి యంత్రాన్ని, ఖర్చూ సంక్లిష్టతా ఎక్కువని 2026 సీజన్ నుంచి తీసేశారు.

లారీల లెక్క వేరు. గంటల తరబడి హైవేపై బరువు లాగే బండికే దీనివల్ల అసలు లాభం. ఊళ్లో ఆగి ఆగి తిరిగే బస్సుకు పికప్ మెరుగవుతుంది గానీ, పొగ నుంచి దొరికే కరెంటు తక్కువే.