బదర్‌పూర్ పొగగొట్టాలు – సింగరేణి ప్రశ్న

మథుర రోడ్డున దక్షిణంగా వెళ్ళేవారికి బదర్‌పూర్ పొగగొట్టాలు దశాబ్దాలపాటు రాజధాని ఎల్లను సూచిస్తుండేవి. 1973లో ప్రారంభమై, 705 మెగావాట్ల సామర్థ్యానికి ఎదిగిన ఆ విద్యుత్ కేంద్రం 2018 అక్టోబరు 15న మూతపడింది. నాటినుంచి ఢిల్లీ పొలిమేరల లోపల బొగ్గు విద్యుత్ కేంద్రమన్నది లేదు. అంతమాత్రాన రాజధాని బొగ్గును త్యజించిందనుకోవడం పొరపాటు. పొరుగున దాద్రీ, ఝజ్జర్ కేంద్రాలలో బొగ్గు మండుతూనే ఉంది.

2021లో గ్లాస్గో సదస్సు తీర్మానంలో బొగ్గు విద్యుత్తు "క్రమంగా నిలిపివేత" అన్న మాటను "క్రమంగా తగ్గింపు"గా మార్పించడంలో మన ప్రతినిధివర్గం ముందు నిలిచింది. నికర ఉద్గారాలను సున్నాకు తెచ్చేందుకు మనం పెట్టుకున్న గడువు 2070. 2025 మధ్యనాటికి దేశ స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదయింది. కాని ఉత్పత్తి అయ్యే విద్యుత్తులో సింహభాగం నేటికీ బొగ్గుదే.

ఈ చర్చ తెలుగువారికి పరాయిది కాదు. రామగుండంలో 800 మెగావాట్ల కొత్త యూనిట్లు రెండు 2023, 2024లలో జాతికి అంకితమయ్యాయి. సింగరేణిలో తెలంగాణకు 51, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నది. గనులు మూతపడేనాడు కొత్తగూడెం, మందమర్రి కార్మికుల గతి ఏమిటన్న ప్రశ్నకు ఉభయులూ బాధ్యులే. బదర్‌పూర్ మూతపడినా మహానగరానికి జీవనాధారాలు కొదువ కాలేదు. బొగ్గుతో పుట్టి, బొగ్గుతో పెరిగిన పట్టణాలకు ఆ వెసులుబాటు లేదు. 2070 గురించి ప్రసంగించే ముందు మన పార్లమెంటు సభ్యులు ఈ సంగతి నిలదీయాలని నా అభిప్రాయం.